ఆరుగురు మనుషులు, నాలుగు కంప్యూటర్లు, ఒక్క బీరువా: ఇంట్లో సర్వర్ పెట్టిన నా అనుభవం

2025 ఆగస్టు 17, ఆదివారం. మేడ మీద పిల్లల కంప్యూటర్లో కొత్త గేమ్‌కు చోటు చాలట్లేదని మావాడు 'పాతవి' అని పేరున్న ఫోల్డర్‌ను తుడిచేశాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి పాతవి అంటే పారేయదగ్గవి అనే అర్థం. ఆ పేరు పెట్టింది మా బాపు. అందులో పొలం పాసుపుస్తకాల స్కాన్లు, పహాణీ నకళ్ళు, ఆయన సర్వీసు రిజిస్టర్ పేజీల ఫొటోలు ఉన్నాయి. కింద ఆయన కంప్యూటర్ నిండిపోయిందని వాటిని పెన్‌డ్రైవ్‌లో పైకి మోసుకొచ్చి అక్కడ పెట్టింది నేనే. అందుకని వాణ్ణి గట్టిగా తిట్టలేకపోయాను కూడా.

ఆ రాత్రే కంప్యూటర్ ఆపేసి, మర్నాడు హార్డ్ డిస్క్ బయటికి తీసి నా లాప్‌టాప్‌కు తగిలించి, తుడిచేసిన ఫైళ్ళను వెతికిపెట్టే ఫొటోరెక్ అనే ప్రోగ్రాం నడిపాను. ఏడు గంటలు పట్టింది. పాత రకం తిరిగే డిస్క్ కాబట్టి చాలావరకు దొరికాయి, ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ వదులుకోవాల్సిందే. కానీ ఫొటోరెక్ బొమ్మలను వెనక్కి తెస్తుంది గానీ వాటి పేర్లను తేదు. ఎఫ్ అక్షరం, దాని పక్కన ఏడంకెల సంఖ్య, అంతే. గేముల్లోని కత్తులు, తుపాకుల బొమ్మలు, ఎప్పుడో చూసిన వెబ్ పేజీల ముక్కలు, వాటి మధ్య ఎక్కడో మా పాసుపుస్తకం. బాపు రెండు సాయంత్రాలు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఏరుకున్నారు. రెండో రోజు లేస్తూ, "ఇంట్ల అందరి కాయితాలు ఒక్క బీరువల పెట్టుకుంటం గద, గిది గూడ గట్ల పెట్టరాదా?" అన్నారు.

ఈ కథంతా ఆ మాట మీద నడిచింది. నేను ఐటీ వాణ్ణి కాదు. హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ల్యాబులో పది కంప్యూటర్లు కొన్నాళ్ళు చూసుకున్నాను, లినక్స్ అంటే భయం లేదు, అంతవరకే. ఇంట్లో మొత్తం ఆరుగురం. కింద బాపు, అమ్మ. పైన నేను, మా ఆవిడ, ఇంటర్ సెకండియర్ చదివే అమ్మాయి, మావాడు. కంప్యూటర్లు నాలుగు: కింద బాపు డెస్క్‌టాప్, పైన పిల్లల డెస్క్‌టాప్, నా పాత లాప్‌టాప్, మా ఆవిడ ఆఫీసు లెక్కలు చూసుకునే లాప్‌టాప్. ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తమ పేరు, తమ పాస్‌వర్డ్ కొట్టగానే తమ కాగితాలు కనబడాలి. వేరేవాళ్ళవి కనబడకూడదు. ఇదీ నేను అనుకున్నది.

నిజం చెప్పాలంటే ఇంతటి దానికి డొమైన్, అంటే అందరి పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒక్క సర్వర్‌లో ఉంచి కంప్యూటర్లన్నీ దాన్నే అడిగే ఏర్పాటు, అవసరం లేదు. నెట్‌వర్క్‌కు తగిలించుకునే ఒక స్టోరేజ్ డబ్బా కొని, ప్రతి కంప్యూటర్లో అవే పేర్లతో యూజర్లను చేసుకుంటే సగం పని అయిపోతుంది. కానీ ఆరుగురిని నాలుగుచోట్ల చేయడం, ఎవరో పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా నాలుగుచోట్ల మార్చడం తలచుకుంటే విసుగొచ్చింది. పైగా కొంచెం సరదా కూడా. సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే యాక్టివ్ డైరెక్టరీ, అంటే ఆఫీసుల్లో వాడే రకం డొమైన్, పెట్టొచ్చని చదివాను, పెట్టాలనిపించింది. ఆ సరదా ఖరీదు కింద రాస్తాను.

దసరా సెలవుల్లో, సెప్టెంబరు 27 శనివారం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళాను. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామానుకు పాత అడ్డా. ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న డబ్బా కంప్యూటర్లు, లావుపాటి నిఘంటువు సైజువి, అక్కడ వరసగా పేర్చి ఉంటాయి. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నదాన్ని బేరమాడి 9,500కు తీసుకున్నాను. కాగితాల కోసం 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వేరుగా, 5,200. కంప్యూటర్ల వైర్లన్నీ ఒకచోట కలిపే ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ 1,550. వైరు కొసకు ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూలు, కేబుల్ టెస్టరు, ఒక పొట్లం ప్లగ్గులు కలిపి 900. షాపులో డబ్బా ఆన్ చేసి చూపించారు, చక్కగా వెలిగింది. గడియారం బ్యాటరీ సంగతి నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. అది నెల తర్వాత బయటపడింది.

ఆదివారం దానికి డెబియన్ 13 అనే లినక్స్ ఎక్కించి, సాంబా పెట్టి డొమైన్ తయారుచేసుకున్నాను. గంటన్నర పని. డొమైన్‌కు పేరు అడిగితే ముచ్చటగా 'ఇల్లు డాట్ లోకల్' అని ఇచ్చాను. ఇంటి నెట్‌వర్క్‌కు లోకల్ కన్నా మంచి పేరేముంటుంది అనుకున్నాను. ఈ పేరు నాకు ఒక వారం తినేసింది, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఇంటర్నెట్ పెట్టె. డొమైన్ పనిచేయాలంటే ఇంట్లోని కంప్యూటర్లన్నీ 'ఈ పేరు ఎక్కడుంది' అని మన సర్వర్‌నే అడగాలి. అంటే రౌటర్‌లో డీఎన్ఎస్ చిరునామా మార్చాలి. మాకు ఇంటర్నెట్ ఇచ్చినవాళ్ళ పెట్టెకు అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉంది. సెప్టెంబరు 29న ఫోన్ చేస్తే 24 గంటల్లో మనిషి వస్తాడన్నారు. సద్దుల బతుకమ్మ, దసరా అన్నీ అయిపోయాయి, మనిషి రాలేదు. అక్టోబరు 4న వచ్చినబ్బాయి మర్యాదగానే, "సార్, మాక్కూడా ఆ పాస్‌వర్డ్ ఇయ్యరు" అన్నాడు. ఆరు రోజుల ఎదురుచూపు అర నిమిషంలో తేలిపోయింది. 6వ తేదీన 1,900 పెట్టి సొంత రౌటర్ కొని, వాళ్ళ పెట్టె వెనకాల తగిలించాను. ఇది మొదటిరోజే చేయాల్సింది. అలా రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి పెట్టకూడదని చాలామంది అంటారు గానీ, మా ఇంట్లో దానివల్ల ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. పైగా తర్వాత అదే మేలైంది.

కేబుల్ పని అక్టోబరు 3న, దసరా మర్నాడు. పైనుంచి కిందికి పాత కేబుల్ టీవీ వైరు వెళ్ళిన పైపు ఉంది. అందులోంచే లాగిద్దామని మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. నెట్‌వర్క్ వైరు దగ్గర్లోని షాపులో క్యాట్ 6 రకం అని అడిగి తెచ్చాను, మీటరు 14 రూపాయలు, 60 మీటర్లు. పైపులో తొలుచు పురుగుల గూడు అడ్డొచ్చింది, దానికే గంట పట్టింది. బతుకమ్మలకు తెచ్చిన తంగేడు పువ్వుల బుట్ట ఇంకా మెట్ల మీదే ఉండటంతో నిచ్చెన వేయడానికి చోటు లేదని అమ్మ చేత అది తీయించడం ఇంకో ప్రహసనం.

ప్లగ్గులు బిగించే పని ఆయనే చేస్తానన్నాడు. నేను టీ తెచ్చేలోపు ఒక కొస అయిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే ప్లగ్గులోకి వెళ్ళాయి, మిగతా నాలుగు కత్తిరించేసి ఉన్నాయి. అదేమంటే, "ఎనిమిదెందుకు సార్, కెమెరాలకు నాలుగే కొడతం, మస్తు నడుస్తది" అన్నాడు. నడుస్తుంది, నిజమే. నాలుగు తీగలతో 100 మెగాబిట్ల వరకు నడుస్తుంది. గిగాబిట్, అంటే వెయ్యి మెగాబిట్లు, కావాలంటే ఎనిమిదీ ఉండాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఈ వరస కాగితం మీద రాసి గోడకు అంటించి, రెండు కొసలూ అలాగే చేయించాను. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి. ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు చూస్తే బాపు కంప్యూటర్ 100 దగ్గరే ఆగింది. ప్లగ్గు మార్చాను. ఒక పూట గిగాబిట్ వచ్చింది, మళ్ళీ 100. మూడోసారి ప్లగ్గు కోసం వైరు ఒలుస్తుంటే గోధుమ తీగ చేతిలోనే పుటుక్కున విరిగింది. రాగి అంత తేలిగ్గా విరగదే అని బ్లేడుతో గీకి చూశాను. పైన రాగి రంగు, లోపల వెండిలా తెల్లగా ఉంది. అల్యూమినియం తీగకు రాగి పూత. పేరు క్యాట్ 6 అని వైరు పొడుగునా అచ్చు వేసే ఉంది. 840 రూపాయలు మట్టిలో పోసినట్టే. అసలు రాగిది మీటరు 28కి తెచ్చాను, 1,680 అయింది. మీరు కొనేటప్పుడు ఒక చిన్న ముక్క అడిగి గీకి చూడండి. అచ్చమైన రాగి వైరు చుట్ట చేతిలో బరువుగా కూడా ఉంటుంది. ఎలక్ట్రీషియన్ మళ్ళీ దొరికేసరికి 9వ తేదీ. రెండు రోజులకూ కలిపి 1,200 ఇచ్చాను. ఆయన తప్పేం లేదు గదా, వైరు తెచ్చింది నేను.

ఇప్పుడు ఆ 'లోకల్' సంగతి. అక్టోబరు 4, 5 తేదీల్లో పిల్లల కంప్యూటర్‌కు లినక్స్ మింట్ ఎక్కించి డొమైన్‌లో చేర్చబోతే, అలాంటి డొమైనే లేదంటుంది. సర్వర్‌ను నేరుగా అడిగితే ఉందంటుంది. రెండింటి మధ్య ఉన్నది ఒక్క తీగ. శనివారం రాత్రి రెండింటిదాకా కూర్చుని, కాన్ఫిగరేషన్ ఫైళ్ళలో ఉన్న ప్రతి అక్షరం మార్చి చూశాను. ఆదివారం మధ్యాహ్నం తిన్నాక కునుకు తీసి లేచి, తాజా కళ్ళతో చదివితే తెలిసింది. డాట్ లోకల్ అనే తోకను ఇంట్లోని ప్రింటర్లు, టీవీలు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి ముందే కేటాయించారు. ఆ తోక కనబడగానే లినక్స్ డీఎన్ఎస్ సర్వర్‌ను అడగనే అడగదు. నెట్‌వర్క్‌లో 'ఎవరైనా ఉన్నారా' అని కేక వేసి, జవాబు రాకపోతే లేదని చెప్పేస్తుంది. నేను సర్వర్‌లో వెతుకుతున్నాను, ప్రశ్న అసలు సర్వర్‌దాకా రావడమే లేదు.

ఇళ్ళ కోసమే ప్రత్యేకంగా 'హోమ్ డాట్ ఆర్పా' అన్న పేరు 2018లో కేటాయించారు. ఒకసారి పెట్టిన డొమైన్ పేరు మార్చడం తేలిక కాదు, మొత్తం తుడిచి మళ్ళీ పెట్టాను. అప్పటికి యూజర్లను చేయలేదు కాబట్టి సరిపోయింది.

మింట్‌లో ఇంకా చిన్నచిన్నవి మూడు తగిలాయి. లాగిన్ తెర మీద ఆ కంప్యూటర్లో పుట్టిన యూజర్ల పేర్లే కనిపిస్తాయి, కొత్త పేరు టైపు చేసే చోటే ఉండదు. లాగిన్ విండో సెట్టింగుల్లో చేతితో పేరు కొట్టే వీలు ఆన్ చేయాలి. రెండోది, మొదటిసారి లాగిన్ అయినవాళ్ళకు హోమ్ ఫోల్డర్, అంటే వాళ్ళ సొంత ఫోల్డర్, తనంతట తాను తయారయ్యే ఏర్పాటు చేయకపోతే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ లాగిన్ తెరకే వచ్చి పడతారు. పాస్‌వర్డ్ తప్పు అనుకుని గంట పోగొట్టుకున్నాను. మూడోది నా లాప్‌టాప్‌లో. వైఫై వివరాలు నా యూజర్ కిందే ఉన్నాయి. నేను లాగిన్ అయితేనే వైఫై వస్తుంది, వైఫై వస్తేనే అమ్మాయి లాగిన్ అవుతుంది. ఆ వైఫైని అందరు యూజర్లూ వాడుకోవచ్చు అనే గడిలో టిక్కు పెడితే సరిపోయింది.

మా ఆవిడ లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11 హోమ్. హోమ్ ఎడిషన్‌ను డొమైన్‌లో చేర్చలేం, ప్రో కావాలి. దాని కోసం డబ్బు పెట్టబుద్ధి కాలేదు. సర్వర్‌లోని ఆమె ఫోల్డర్‌ను ఒక డ్రైవ్‌గా తగిలించి వదిలేశాను. ఆమెకు అది చాలు. "నా లాప్‌టాప్ జోలికి రాకుండా ఏం చేసుకున్నా సరే" అని ముందే చెప్పింది కూడా.

మొదట హోమ్ ఫోల్డర్లు మొత్తంగా సర్వర్ మీదే పెట్టాను. వినడానికి బాగుంటుంది. అమ్మాయి కింద లాగిన్ అయి, ఫైర్‌ఫాక్స్ మూయకుండా పైకొచ్చి లాగిన్ అయితే, ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే నడుస్తోందంటూ తెరుచుకోదు. వైఫై మీద నా లాప్‌టాప్ లాగిన్‌కే ఓ నిమిషం తీసుకునేది. మూడు రోజులు చూసి మార్చేశాను. బ్రౌజర్, సెట్టింగులు, ఆ చెత్తంతా ఏ కంప్యూటర్‌ది ఆ కంప్యూటర్‌లోనే. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం సర్వర్ నుంచి లాగిన్ సమయంలో వచ్చి తగులుకుంటాయి. వాటితో పాటు 'అందరిది' అని ఒక ఉమ్మడి ఫోల్డర్. మళ్ళీ చేయాల్సి వస్తే మొదటి నుంచీ ఇలాగే చేస్తాను.

అక్టోబరు 12 ఆదివారం ఇంటిల్లిపాదికీ లాగిన్లు ఇచ్చే రోజు. 14వ తేదీతో విండోస్ 10కు ఉచిత సపోర్ట్ అయిపోతోంది, బాపు కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదు, కాబట్టి దాన్నీ మింట్‌కు మార్చేశాను. ఒక్కొక్కర్నీ పిలిచి పాస్‌వర్డ్ పెట్టించాను. సాంబా కనీసం ఏడక్షరాలు అడుగుతుంది. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలపమంటుంది. పిల్లలకు నిమిషం పట్టలేదు. బాపుకు కోపం వచ్చింది. "నా ఇంట్ల నా కంప్యూటర్ ముందట కూసునేతందుకు నాకే తాళమా?" అన్నారు. ఇది తాళం కాదు బాపూ, బీరువా తాళంచెవి లాంటిది, మీరు అడిగిందే కదా అన్నాను. కాసేపు ఆలోచించి, "బీరువ తాళంచెవి మీ అమ్మ కొంగుకుంటది" అన్నారు. పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. పెట్టుకుని, కంప్యూటర్ ఎదురుగా గోడ క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో రాసుకున్నారు. నేనేమీ అనలేదు.

అమ్మకూ ఒక లాగిన్ చేశాను. ఆమె ఇంతవరకు వాడలేదు. కానీ తనకు లేకుండా మిగతా ఐదుగురికి ఉంటే ఊరుకునేది కాదు.

బాపుది రెండు రోజులు లాగిన్ అవలేదు. పాస్‌వర్డ్ క్యాలెండర్ మీద పెద్దగా కనిపిస్తూనే ఉంది, ఆయన ఒక్కో అక్షరం చూసి కొడుతూనే ఉన్నారు. చివరికి తెలిసిందేమంటే, ఆయన తెలుగు టైపింగ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును నేను మొత్తం కంప్యూటర్‌కు పెట్టాను. లాగిన్ తెర కూడా తెలుగులోనే ఉంది. చుక్కల వెనకాల ఆయన కొడుతున్నది తెలుగు.

ఇంతలో అమ్మ సీరియల్ గొడవ. సర్వర్‌కు అప్‌డేట్లు పెట్టి ఒక రాత్రి ఎనిమిదింటికి రీస్టార్ట్ చేశాను. కింద టీవీ ఆగిపోయింది, ఫోన్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. పేర్లు చెప్పే పని మొత్తం మన సర్వర్‌దే కదా, అది పడుకుంటే ఇల్లంతా పడుకుంటుంది. అందుకని రెండో డీఎన్ఎస్‌గా గూగుల్‌వాళ్ళ 8.8.8.8 ఇచ్చాను. టీవీ బాగుపడింది గానీ లాగిన్లు తిక్కతిక్కగా తయారయ్యాయి, ఒకసారి అవుతాయి, ఒకసారి అవ్వవు. కారణం తేలికే. కంప్యూటర్ అప్పుడప్పుడు ఆ రెండోదాన్ని అడుగుతోంది, మా ఇంటి డొమైన్ గురించి గూగుల్‌కు ఏం తెలుసు, లేదని చెబుతోంది. చివరికి రెండు రౌటర్లు ఉండటం ఇక్కడ అక్కరకొచ్చింది. ఫోన్లు, టీవీ ఇంటర్నెట్‌వాళ్ళ పెట్టె వైఫై మీదికి పంపేశాను. కంప్యూటర్లు మాత్రం నా రౌటర్ మీద, వాటికి ఒకే డీఎన్ఎస్, మా సర్వర్. అప్పటినుంచి నేను ఎప్పుడు రీస్టార్ట్ చేసినా అమ్మకు తెలియదు.

అక్టోబరు 29న మొంథా తుఫాను వాన వరంగల్, హనుమకొండలను ముంచెత్తిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మా వీధిలో మోకాళ్ళలోతు నీళ్ళు. మా ఇల్లు కాస్త ఎత్తు మీద ఉండబట్టి బతికిపోయాం. పొద్దున పోయిన కరెంటు మర్నాడు సాయంత్రం వచ్చింది, ఇంటర్నెట్ రాలేదు. సర్వర్ ఆన్ అయింది, పచ్చలైటు వెలుగుతోంది, ఒక్కరికీ లాగిన్ అవదు. అమ్మాయికి కెమిస్ట్రీ నోట్సు కావాలి, ఇంట్లో అందరూ అలసిపోయి ఉన్నారు, నాకు టెన్షన్. సర్వర్ తన పనులు రాసుకునే లాగ్ ఫైళ్ళలో వెతికితే గడియారాల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉందని ఒక లైను కనిపించింది.

కెర్బరోస్ అనే లాగిన్ పద్ధతికి సర్వర్ గడియారం, కంప్యూటర్ గడియారం ఐదు నిమిషాల లోపు తేడాతో ఉండాలి. మా సర్వర్ గడియారం చాలా వెనక ఉంది. బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కనిపించే సెట్టింగుల్లోకి, వెళ్ళి చూస్తే 2016 జనవరి 1. సీటీసీలో కొన్న డబ్బాలో గడియారాన్ని నడిపే గుండ్రటి బ్యాటరీ, సీఆర్ 2032, ఎప్పుడో చచ్చిపోయి ఉంది. ఇంతకాలం కరెంటు పోయినా ఇంటర్నెట్ ఉండటంతో సర్వర్ ఆన్ కాగానే అక్కడినుంచి టైము దిద్దుకునేది. ఇప్పుడు దిద్దేవాళ్ళు లేరు. ఫోన్ పక్కన పెట్టుకుని, తేదీ, గంట, నిమిషం చేత్తో కొట్టాను. వెంటనే లాగిన్లు వచ్చాయి. మర్నాడు వాచీల షాపులో 40 రూపాయలకు బ్యాటరీ దొరికింది.

ఆ రాత్రి తెలిసిన ఇంకో సంగతి, ఇది ఎవరూ నాకు ముందు చెప్పలేదు. నేను లాగ్ ఫైళ్ళతో కుస్తీ పడుతుంటే మావాడు విసుగొచ్చి కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ కేబుల్ పీకేశాడు. లాగిన్ అయిపోయాడు! ముందొకసారి లాగిన్ అయినవాళ్ళ పాస్‌వర్డ్ గుర్తులు కంప్యూటర్ దాచుకుంటుంది. సర్వర్ కనబడకపోతే వాటితో రానిస్తుంది. సర్వర్ కనబడుతూ కాదంటే మాత్రం రానివ్వదు. కేబుల్ పీకగానే సర్వర్ కనబడలేదు, వాడు లోపలికి వెళ్ళాడు. సర్వర్‌లోని కాగితాలు రావు, ఆ కంప్యూటర్లో ఉన్నవి మాత్రం వాడుకోవచ్చు. ఐటీ చదివినవాళ్ళు నవ్వుకుంటారేమో గానీ, మా ఇంట్లో ఇప్పుడిది అధికారిక చిట్కా.

తర్వాత ఎలక్ట్రీషియన్‌ను మళ్ళీ పిలిచి సర్వర్, స్విచ్ ఉన్న సాకెట్‌ను ఇన్వర్టర్ లైన్‌లో కలిపించాను, 500. రౌటర్లకు వేరే ఒక చిన్న యూపీఎస్, 1,400.

నవంబరు 23, ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి కిందినుంచి బాపు కేక. పాస్‌వర్డ్ గడువు అయిపోయింది, కొత్తది పెట్టుకొమ్మంటోంది. పైన పిల్లలకూ అదే. లెక్కపెట్టాను. అక్టోబరు 12 నుంచి సరిగ్గా 42 రోజులు. సాంబాలో పాస్‌వర్డ్ ఆయుష్షు తనంతట తానే 42 రోజులుగా ఉంటుంది, ఆఫీసుల అలవాటు అది. అందరికీ ఒకేరోజు ఇచ్చాను కాబట్టి అందరిదీ ఒకేరోజు పోయింది. పాతదే మళ్ళీ పెట్టుకుంటానంటే ఒప్పుకోదు. వెనకటి 24 పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకుంటుంది. బాపు క్యాలెండర్ మీది రాత కొట్టేసి పక్కన ఇంకోటి రాయబోతుంటే ఆపి, సర్వర్‌లో ఆయుష్షు సున్నా చేశాను. సున్నా అంటే ఎప్పటికీ పోదు అని. పాత పాస్‌వర్డ్‌లు మళ్ళీ పనిచేశాయి. ఇలాంటిది మీరు పెట్టుకుంటే యూజర్లను చేసేముందే ఈ అంకె మార్చండి.

ఆ మధ్యలో అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. అన్నం తింటూ, మామూలుగానే. "డాడీ, నువ్వు అడ్మిన్ కదా, నా ఫోల్డర్ నీకు కనిపిస్తదా?" కనిపిస్తుంది. చూడాలనుకుంటే చూడగలను, చూశానన్నది నీకు తెలియను కూడా తెలియదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చూడనని కూడా చెప్పాను. తల ఊపింది. మర్నాటికి ఆమె ఫోల్డర్లో చదువు కాగితాలే మిగిలాయి, ఆ సంగతి వారం చివర బ్యాకప్ సైజు తగ్గడం చూసి నాకు తెలిసింది. మిగతావి ఎక్కడ పెట్టుకుందో అడగలేదు. ఇంత చేసి, ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్ మళ్ళీ తిరుగుతోందన్నమాట.

ఖర్చు మొత్తం 24,710 అయింది, రైలు, టీలు కాకుండా. అందులో దొంగ వైరుకు పోయిన 840 కూడా ఉంది. మొదలుపెట్టిన రోజు నుంచి అందరికీ లాగిన్లు వచ్చేదాకా 16 రోజులు, నిజంగా గొడవలన్నీ తీరేదాకా దాదాపు రెండు నెలలు. బ్యాకప్ కోసం ఇంట్లో ముందే ఉన్న బయటి హార్డ్ డిస్క్ వాడుతున్నాను. శనివారం రాత్రి తగిలిస్తాను, ఆదివారం పొద్దున తీసి బాపు బీరువాలో పెడతాను. సర్వర్ కూడా ఆ బీరువా పైనే ఉంది. లోపల పెట్టమని బాపు పట్టుబట్టారు గానీ వేడెక్కిపోతుందని ఒప్పించాను.

డిసెంబరులో నేను నాలుగు రోజులు ఊళ్ళో లేను. వెళ్ళేముందు ఒక కాగితం రాసి బీరువా తలుపుకు అంటించాను. పచ్చలైటు లేకపోతే బటన్ ఒకసారి నొక్కండి. లైటు ఉండి లాగిన్ కాకపోతే కంప్యూటర్ వెనక కేబుల్ పీకండి. రౌటర్లు ఆపకండి. ఏదీ కాకపోతే నాకు ఫోన్ చేయండి. తిరిగొచ్చి చూస్తే చివరి లైను కింద మా ఆవిడ చేతిరాత ఉంది: 'చేశాం. ఎత్తలేదు. మావాడే చేశాడు.' వాడు ఏం చేశాడో అడిగితే చెప్పట్లేదు. సర్వర్ మాత్రం నడుస్తోంది.